సీసాలో మొలిచిన మొక్క
నథానియేల్ వార్డు వైద్యుని జీవితము

వేసవి సెలవులు సమీపించినప్పుడెల్ల మా పాఠశాల వసారాలో ఒక ప్రశ్న పుట్టుచుండును. బాలబాలికలు ఏడాది పొడుగునను నీరు పోసి పెంచిన పూలకుండీల గతి ఈ సెలవు దినములలో ఏమగును? కొందరు తమ కుండీలను ఇండ్లకు మోసికొనిపోవుదురు. కొందరు కావలివానికి అప్పగింతురు. ఒక సంవత్సరము మేము మిక్కిలి తెలివిగలవారమని తలంచి, సెలవులకు ముందటి సాయంకాలమున కుండీలన్నిటికిని పొర్లిపోవునట్లు నీరు పోసి, వాని క్రింద పళ్ళెములుంచి, వానిని కూడ నీటితో నింపి, తృప్తిగా వెడలిపోతిమి. మేము చెప్పిన ప్రకారము కావలివాడు ఆ పళ్ళెములను ఎండనీయక నింపుచునే యుండెను. తిరిగి వచ్చి చూడగా, ఎండి చచ్చిన మొక్కలకంటె వేరు కుళ్ళి చచ్చిన మొక్కలే ఎక్కువగా నుండెను. అవి మా దయచేతనే చచ్చినవని తెలిసికొని మిక్కిలి సిగ్గుపడితిమి.

ఆ సిగ్గే మమ్ము మొక్కల పెంపకమునుగూర్చిన గ్రంథములవైపు త్రిప్పెను. అందు మాకొక లండను వైద్యుని చరిత్రము దొరకెను. ఆయన వృత్తిచేత తోటమాలి కాడు. విశ్వవిద్యాలయములో వృక్షశాస్త్రము బోధించిన ఆచార్యుడును కాడు. పొగచేత నల్లబడిన ఓడరేవుల పేటలో రోగులకు మందులిచ్చుచు, తన యింట నాలుగు పచ్చని ఆకులను బ్రతికించుకొనవలెనని ఏండ్ల తరబడి ప్రయాసపడి, మాటిమాటికి ఓడిపోయిన గృహస్థుడు. తన కన్నులు తెరపించిన మొక్కను ఆయనయు తాను ఇంట లేని దినములలోనే పోగొట్టుకొనెను. కావున మా వసారాలోని చచ్చిన కుండీలను చూచిన బాలబాలికలకు ఆయన జీవితమును తెలుపుట సమయోచితమని తలంచితిమి.

నథానియేల్ బాగ్‌షా వార్డు 1791వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున లండను నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. బాలుడు పదుమూడేండ్లవాడైనప్పుడు ఓడమీద జమైకా ద్వీపమునకు పంపబడెను. నేలబొగ్గు పొగలో పెరిగిన ఆ బాలునికి జమైకా వేరొక లోకమువలె కనబడెను. అచ్చటి తాళవృక్షములును, చెట్ల మొదళ్ళను అల్లుకొనిన తీగెలును, నీడలలో దట్టముగా పెరిగిన ఫెర్ను మొక్కలును ఆయన మనస్సున చెరగని ముద్ర వేసెను. తిరిగి వచ్చి తండ్రియొద్ద వైద్యవృత్తి నేర్చెను. లండను ఆసుపత్రిలో చదివెను. తండ్రి తరువాత వెల్‌క్లోజు స్క్వేరను పేటలో వైద్యము చేయ నారంభించెను. అయినను జమైకాలో పుట్టిన మక్కువ తగ్గలేదు. రోగులు రాకమునుపే తెల్లవారుజామున ఊరిబయటికి నడచిపోయి, మొక్కలను పరీక్షించి, నమూనాలు సేకరించి, పనివేళకు తిరిగి వచ్చుట ఆయనకు అలవాటు.

ఫెర్ను అనగా ఎట్టి మొక్కయో మన చదువరులలో పట్టణవాసులకు తెలియకపోవచ్చును గాని పల్లెటూరివారు తప్పక చూచియుందురు. పాతబావులలోనికి తొంగిచూచినయెడల, రాళ్ళ సందులనుండి సన్నని నల్లని కాడలతో, ఈకలవలె చీలిన ఆకులతో వ్రేలాడు మొక్కలు కనబడును. అవి ఫెర్ను జాతివే. ఈ జాతికి పువ్వులేదు, కాయలేదు, గింజలేదు. ఆకుల అడుగుభాగమున గోధుమవన్నె మచ్చలుండును. వానినుండి పొడివంటి సిద్ధబీజములు రాలి, చెమ్మగల చోట పడి మొలుచును. బావి వెలుపల ఎండ మండుచుండినను లోపల చల్లదనమును చెమ్మయు ఉండును గనుక అవి అక్కడ బ్రతుకుచున్నవి. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. వార్డుని కథయంతయు దీనిమీదనే నిలిచియున్నది.

వార్డు తన యింటి పెరటిలో ఒక రాతిగుట్ట కట్టించి, ఫెర్నులను నాచును నాటి, గొట్టముగుండ నీరు సన్నగా వానిమీద కారునట్లు ఏర్పాటు చేసెను. నీటికి లోటు లేదు, నీడకు లోటు లేదు, ప్రేమకు అంతకంటె లోటు లేదు. అయినను మొక్కలు ఒక్కొక్కటియే వాడిపోయెను. చుట్టునున్న కార్ఖానాల గొట్టములనుండి వచ్చు పొగయు మసియు ఆకులపై పడి వానిని చంపుచుండెను. మరల తెచ్చి నాటెను, మరల చచ్చెను. తుదకు విసిగి ఆ ప్రయత్నమును దాదాపు విడిచిపెట్టెను.

1829వ సంవత్సరమున ఆయన మరియొక పనిలో నుండెను. రాత్రులందు ఎగురు పెద్దరెక్కల పురుగొకటి గూటి దశనుండి ఎట్లు వెలువడునో చూడగోరి, వెడల్పాటి మూతిగల ఒక గాజుసీసాలో తడిమన్ను పోసి, అందు ఆ గూటిని పాతి, మూతపెట్టి యుంచెను. దినదినము సీసాను పరీక్షించుచుండగా ఆయనకొక చిన్న విషయము కనబడెను. పగటివేళ వెచ్చదనమునకు మంటిలోని తడి ఆవిరియై పైకి లేచి, గాజునకు బిందువులుగా పట్టి, తిరిగి మంటిలోనికే జారుచుండెను. అందుచేత లోపలి మన్ను ఎప్పుడును ఒకే విధముగా చెమ్మగా నుండెను. పురుగు వెలువడుటకు ఇంచుమించు ఒక వారము ముందు ఆ మంటిమీద రెండు పచ్చని మొలకలు అగుపడెను. ఒకటి ఫెర్ను మొలక, రెండవది గడ్డి మొలక.

వేరొకరైనచో పురుగు వెలువడిన తరువాత ఆ మంటిని పారబోసి సీసాను కడిగి పెట్టుదురు. వార్డు అట్లు చేయలేదు. తాను ఏండ్లతరబడి పెరటిలో పెంచజాలని ఫెర్ను, ఎవ్వరును నాటకయే, అదే యింటిలో, అదే పొగ నడుమ, ఈ సీసాలో ఏల మొలిచెనని ఆలోచించెను. దానికి కావలసినవేవని తన్ను తాను ప్రశ్నించుకొనెను. మసిలేని గాలి, వెలుతురు, వెచ్చదనము, ఎడతెగని చెమ్మ. ఈ నాలుగును సీసాలో కలవు. పెరటిలో మొదటిదియు కడపటిదియు లేవు. అంతట ఆ సీసాను తన చదువుగది కిటికీ వెలుపల ఉత్తరపు దిక్కున నిలిపి, ఏమగునో చూచుచుండెను. ఇంచుమించు నాలుగేండ్లు ఆ రెండు మొక్కలును అందు బ్రతికెను. ఆ కాలమున ఒక్క చుక్క నీరైనను పోయబడలేదు. ఫెర్ను ఏటేట క్రొత్త ఆకులు వేసెను. గడ్డి ఒకసారి పుష్పించెను. తుదకు వార్డు ఇంట లేని సమయమున సీసా మూత తుప్పుపట్టి చెడిపోగా, వాననీరు లోనికి దిగి మొక్కలు రెండును కుళ్ళిపోయెను. లండను పొగ చంపలేకపోయిన మొక్కలను అధికమైన నీరు చంపెను. మా వసారా సంగతి ఇచ్చట మేము మరల చెప్పనక్కరలేదు.

ఈ సీసాలో ఇంద్రజాలమేమియు లేదు. అన్నము వండు గిన్నె మూతకు లోపలి వైపున నీటిబిందువులు పట్టి మరల అన్నములోనికే రాలుట మన తల్లులు ప్రతిదినమును చూచుచున్నారు. సీసాలోని నీరును అట్లే పైకి పోవుచు క్రిందికి వచ్చుచు నుండును. మొక్క వేళ్ళతో పీల్చిన నీటిని ఆకులనుండి ఆవిరిగా విడుచును. ఆ యావిరియు గాజునకు తగిలి నేలకే చేరును. గాలి విషయమును అట్టిదే. వెలుతురున్నప్పుడు ఆకులు బొగ్గుపులుసు వాయువును గ్రహించి ప్రాణవాయువును విడుచును. మొక్కయు, మంటిలోని సూక్ష్మజీవులును శ్వాసించుచు ప్రాణవాయువును తీసికొని బొగ్గుపులుసు వాయువును తిరిగి ఇచ్చును. మరియు వార్డుని పెట్టెలు గాలి యేమాత్రము చొరరానంత బిగువైనవి కావు. గాలి సన్నని సందులగుండ మెల్లగా వచ్చుచు పోవుచునే యుండును. మసి మాత్రము లోనికి రాదు, చెమ్మ వెలుపలికి పోదు. ఈ సంగతిని ఆయన స్వయముగా స్పష్టపరచెను.

సీసాతో మొదలైన పని గాజుపెట్టెలలోనికి పెరిగెను. కొయ్యచట్రములకు గాజుపలకలు అమర్చి, సందులను లప్పముతో మూసి, వార్డు నూరుతెరగుల మొక్కలను పరీక్షించెను. హాక్నీయందు పెద్ద మొక్కలతోట నడుపుచుండిన జార్జి లాడిజెస్ ఆయనకు మిత్రుడై మొక్కలిచ్చి ప్రోత్సహించెను. మెట్లదారి కిటికీ వెలుపల ఇంచుమించు ఎనిమిది అడుగుల చదరమున వార్డు ఒక గాజుగది కట్టి, అందు పాడుపడిన టిన్‌టర్ను మఠపు కిటికీకి చిన్న నమూనా నిలిపి, దానిచుట్టు ఫెర్నులను పెంచెను. లండనులోని మురికిపేటలో అట్టి పచ్చదనమును చూచుటకు ప్రసిద్ధులైన శాస్త్రజ్ఞులు ఆ వైద్యుని యింటికి వచ్చుచుండిరి.

అప్పటివరకు దూరదేశములనుండి మొక్కలను ఓడలమీద తెచ్చుట మిక్కిలి నష్టకరమైన పని. ఓడలో మనుష్యులకే మంచినీరు కొలిచి ఇచ్చుచుండగా మొక్కలకెవరు పోయుదురు? పైన ఉంచిన ఉప్పునీటి తుంపరలు చంపును. క్రింద ఉంచిన వెలుతురులేక చచ్చును. లాడిజెస్ తోటవారు తెప్పించిన మొక్కలలో ఇరువదింటికి పందొమ్మిది దారిలోనే నశించుచుండెనని చెప్పుదురు. సీసాలోని ఫెర్నునకు క్రొత్తనీరు అక్కరలేనప్పుడు ఓడమీది ఫెర్నునకు మాత్రము ఏల కావలెనని వార్డు తలంచెను. 1833వ సంవత్సరమున రెండు గాజుపెట్టెలను ఫెర్నులు, నాచు, గడ్డి మొదలగువానితో నింపి, చార్లెస్ మాలార్డను ఓడ నాయకుని వశమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు పంపెను. నెలలకొలది సముద్రయానముచేసి, రెండు మూడు మొక్కలు తప్ప తక్కినవన్నియు పచ్చగా ఆ దేశము చేరెను.

అంతకంటె కఠినమైన పరీక్ష తిరుగు ప్రయాణము. 1834వ సంవత్సరము ఫిబ్రవరిలో ఆ పెట్టెలలోనే ఆస్ట్రేలియా మొక్కలను నాటి లండనుకు పంపిరి. బయలుదేరునప్పుడు సిడ్నీలో ఎండ తీవ్రముగా నుండెను. దక్షిణ అమెరికా కొన అయిన హారన్ అగ్రమును చుట్టివచ్చునప్పుడు ఓడమీద అడుగు ఎత్తున మంచు పడెను. భూమధ్యరేఖను దాటునప్పుడు మరల మంటవంటి ఎండ. సుమారు ఎనిమిది నెలల ఈ ప్రయాణములో మొక్కలకు ఒక్కసారియైనను నీరు పోయబడలేదు. ఓడ లండను చేరినప్పుడు వార్డును లాడిజెసును దానిమీదికి ఎక్కి చూచిరి. మొక్కలు పచ్చగా నుండెను. అంతకుముందు ఇంగ్లండులో ప్రాణముతో ఎన్నడును చూడబడని ఒక ఆస్ట్రేలియా ఫెర్నుకూడ అందుండెను. పదుమూడేండ్ల వయస్సున ఓడమీద జమైకాకు పోయి పచ్చదనమును చూచివచ్చిన బాలుడు, నలుబది మూడేండ్ల వయస్సున ఆ పచ్చదనమే ఓడమీద తన రేవునకు వచ్చుట చూచెను.

వార్డు 1842లో ఈ విషయమును గ్రంథముగా ప్రకటించెను; 1852లో దాని రెండవ కూర్పు వెలువడెను. ఆ 1852లోనే ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. దక్షిణాఫ్రికాకు చెందిన ఒక నాచుజాతికి శాస్త్రజ్ఞులు వార్డియా అని ఆయన పేరు పెట్టిరి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున ఆయన ఉంచిన సీసాలోని మొక్కలు పదునెనిమిదేండ్లుగా క్రొత్తనీరు ఎరుగనివై యుండెను. గ్లాస్గో నగరమున ఎ. ఎ. మాకనాకీ అను నాతడు వార్డుకంటె కొన్ని ఏండ్లు ముందే ఇట్టి గాజుపెట్టెలో ఫెర్నులు పెంచెను గాని, ఆ సంగతిని లోకమునకు వెంటనే తెలుపలేదు. కనుగొనినదానిని దాచుకొనక పదిమందికి తెలిపినవాని పేరే నిలిచెను. వార్డు తన పెట్టెమీద ప్రత్యేకపు హక్కు సంపాదించుకొని ధనమార్జింపలేదు. ఎవరు కావలసిన వారు దానిని చేసికొనిరి.

ఆ పెట్టె భూమియంతట తిరిగెను. డెవన్షైరు ప్రభువు తోటలో పెంచబడిన పొట్టి అరటిమొక్కలను జాన్ విలియమ్సు అను మిషనరీ 1838వ సంవత్సరమున ఇట్టి పెట్టెలో దక్షిణ సముద్రములలోని సమోవా దీవులకు తీసికొనిపోయెను. ఆయన 1839వ సంవత్సరమున ఎర్రోమంగా ద్వీపమున చంపబడెను; ఆయన తెచ్చిన అరటి మాత్రము సమోవాలో గెలవేసి, పిలకలు పెట్టి, ఇతర దీవులకు వ్యాపించెను. ఆ ప్రభువుల వంశనామమైన కావెండిష్ అను పేరనే ఆ జాతి నేటికిని పిలువబడుచున్నది. మన బజారులలో అమ్మబడు పచ్చ అరటి ఆ కుటుంబములోనిదే. కొన్ని ఏండ్లకు రాబర్టు ఫార్చ్యూను చైనానుండి ఇంచుమించు 20,000 తేయాకు మొక్కలను హిమాలయ ప్రాంతమునకు గాజుపెట్టెలలో పంపెను.

మన్యపు జ్వరమునకు మందైన క్వినైను ఇచ్చు సింకోనా చెట్ల కథ మనకు మరింత దగ్గరిది. క్లెమెంట్సు మార్కమను నాతడు దక్షిణ అమెరికాలో సేకరించిన మొక్కలు 1860లో గాజుపెట్టెలలోనే బయలుదేరెను గాని, ఎర్రసముద్రపు ఎండలో బాధపడి, నీలగిరులు చేరిన కొలదికాలమునకే చచ్చిపోయెను. పెట్టె యుండుటచేతనే మొక్క బ్రతుకదు; దానిని ఎండనుండి కాపాడు కన్నును చేయియు కూడ నుండవలెను. మరుసటి సంవత్సరము, 1861లో, రిచర్డు స్ప్రూసు సేకరించిన ఎర్రబెరడు సింకోనా మొక్కలు రాబర్టు క్రాసు సంరక్షణలో క్షేమముగా ఉదకమండలము చేరెను. అచ్చట మెకైవరను తోట అధికారి వానిని పెంచి వృద్ధిచేసెను. అప్పటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలును చేరియుండెను; చలిజ్వరముచే వణకిన మన పూర్వులకు ఆ చెట్ల బెరడు మందయ్యెను.

ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆ పెట్టె మేలుతోపాటు లోభమునుకూడ మోసెను. ఫార్చ్యూను చైనీయుని వేషము ధరించి, విదేశీయులకు ప్రవేశము లేని ప్రాంతములకు పోయి తేయాకు తెచ్చెను. సింకోనా పుట్టిన దేశములవారు దానిని విడువ నిష్టపడలేదు. 1876లో బ్రెజిలునుండి తేబడిన గింజలవలన పుట్టిన సుమారు 1,900 రబ్బరు మొక్కలు గాజుపెట్టెలలో సింహళమునకు పంపబడెను. మరుసటి యేట 22 మొక్కలు సింగపూరు చేరెను. వానివలన మలయా దేశమంతట రబ్బరుతోటలు వెలసెను. ఆ తోటలలో పాలు గీయుటకు మన తెలుగు జిల్లాలనుండియు బీదకుటుంబములు సముద్రము దాటిపోయి కడగండ్లు పడెను. వారి సంతతివారు నేటికిని మలేషియాలో ఉన్నారు. మరియు పెట్టెలలోని మంటితోపాటు పురుగులును తెగుళ్ళును దేశమునుండి దేశమునకు పాకెను. అందుచేత కాలక్రమమున మొక్కలను పరీక్షింపక రానీయరాదని ప్రభుత్వములు కట్టడులు చేసెను. ఒక మంచి సాధనము ఎవరి చేతిలో పడునో చేసినవాడు నిర్ణయింపజాలడు.

అయితే వార్డుని మనస్సు ఎక్కడ నుండెనో ఆయన గ్రంథమువలన తెలియుచున్నది. ఓడలతోపాటు ఇరుకు సందులలో నివసించు పనివారిని ఆయన తలంచెను. వైద్యుడుగా ఆయన వారి యిండ్లలోనికి పోయి, గాలియు వెలుతురునులేని గదులలో రోగులను చూచుచుండెను. ఆ కాలమున ఇంగ్లండులో గాజుమీద పన్ను, కిటికీలమీద పన్ను ఉండెను. గాజుపన్ను 1845లోను, కిటికీపన్ను 1851లోను ఎత్తివేయబడెను. అంతవరకు వెలుతురుకూడ బీదవానికి వెలపెట్టి కొనవలసిన వస్తువే. తక్కువ వెలతో చిన్న పెట్టెలు చేసికొని, పొలములలో ఉచితముగా దొరకు ఫెర్నులను, నాచును, అడవిపూలను అందు నాటుకొని, పేదవాడును తన కిటికీలో ఒక చిన్న తోట పెంచుకొనవచ్చునని ఆయన బోధించెను. మొక్కకు మంచిగాలియు వెలుతురును ఎంత అవసరమో మనుష్యునికిని అంత అవసరమని ఆయన నమ్మకము. ధనికుల యిండ్లలో గాజుపెట్టెలు త్వరలోనే అలంకారములయ్యెను. పేదల కిటికీలకు మాత్రము ఆయన కోరినంతగా చేరలేదు.

ముదిమిలో వార్డు పొగపేటను విడిచి క్లాఫమునకు మారి తోట పెంచుకొనెను. 1868వ సంవత్సరము జూను 4వ తేదీన సముద్రతీరమునందలి సెయింట్ లెనార్డ్సు పట్టణమున మరణించెను. ఆయనను లండనులోని నార్‌వుడ్ శ్మశానమున గురుతురాయి లేని సమాధిలో పాతిపెట్టిరి. రాయి లేకున్నను ఆయన గురుతు చెరగలేదు. నేడు మూతగల సీసాలో చిన్నతోట పెంచు ప్రతివాడును, ఎరిగియో ఎరుగకయో, ఆయన చూపిన దారినే నడచుచున్నాడు.

ఈ చరిత్రమును చదివి మేము మా కుండీల విషయమున నేర్చికొనినవానిని బాలబాలికల ఉపయోగార్థము ఇచ్చట వ్రాయుచున్నాము. మొదటిది, నీరు పోయుటకు గడియారము చూడరాదు, మంటిని చూడవలెను. వ్రేలిని ఒక అంగుళము లోతుకు దింపినప్పుడు తడి తగిలినచో ఆ దినము నీరు అక్కరలేదు. పొడిగా నున్నచో అడుగు చిల్లునుండి కారునంతవరకు పోసి, పళ్ళెములో నిలిచిన నీటిని పారబోయవలెను. వేళ్ళకు నీటితోపాటు గాలియు కావలెను. నీరు ఎల్లప్పుడును నిలిచిన మంటిలో గాలికి చోటులేక వేళ్ళు కుళ్ళును. మూతలేని కుండీకి నీరు తగ్గుచుండును గనుక ఎన్నడును పోయకుండుటయు తగదు. మూతగల సీసాకు తగ్గదు గనుక మాటిమాటికి పోయుటయు తగదు.

రెండవది, ఏ మొక్క ఎచ్చటనుండి వచ్చెనో తెలిసికొనవలెను. తులసికి ఎండ కావలెను; దానిని గదిమూలలో ఉంచినచో నీరసించును. మనీ ప్లాంటు వెలుతురుగల నీడలో సుఖముగా నుండును. మన వేసవి మధ్యాహ్నపు ఎండ దాని ఆకులను మాడ్చును. కలబంద తన ఆకులలోనే నీరు దాచుకొనును గనుక తక్కువ నీటితో బ్రతుకును. ఫెర్నునకు చెమ్మయు నీడయు కావలెను. క్రోటనునకు మంచి వెలుతురు లేనిచో ఆకుల రంగులు వెలవెలబోవును. అన్నిటిని ఒకే వరుసలో పెట్టి, ఒకే చెంబుతో సమానముగా నీరు పోయుట న్యాయమువలె కనబడును గాని న్యాయము కాదు.

మూడవది, ఆకులను శుభ్రముగా ఉంచవలెను. లండనులో మసి చేసిన పనిని మన యూళ్ళలో రోడ్డు దుమ్ము చేయుచున్నది. దుమ్ము పేరుకొనిన ఆకునకు వెలుతురు సరిగా అందదు. వారమునకొకసారి తడిగుడ్డతో వెడల్పాటి ఆకులను మెల్లగా తుడువవలెను. తుడుచునప్పుడు ఆకు అడుగున పిండివలె పట్టిన పురుగులుకూడ కనబడును. మొదటనే కనబడినచో వానిని తీసివేయుట సులభము.

నాలుగవది, వార్డుని సీసాను మనమును పరీక్షింపవచ్చును. వెడల్పాటి మూతిగల ఖాళీ ఊరగాయ జాడీ, గాజుది, చాలును. అడుగున చిన్న గులకరాళ్ళు, వానిపై కొంచెము కట్టెబొగ్గుపొడి, దానిపై రెండు మూడు అంగుళముల ఆకుల ఎరువు కలిసిన మన్ను వేయవలెను. బావిగోడనుండి గాని నీడగట్టునుండి గాని ఒక చిన్న ఫెర్నును, కొంచెము నాచును తెచ్చి నాటి, మన్ను చెమ్మగిలునంత మాత్రమే నీరు చిలికి మూతపెట్టవలెను. బావులయొద్దకు పిల్లలు ఒంటరిగా పోరాదు, పెద్దలచేతనే తెప్పించుకొనవలెను. సీసాను వెలుతురుగల కిటికీయొద్ద ఉంచవలెను గాని ఎండ తగులనీయరాదు. మూసిన గాజుపాత్ర ఎండలో పొయ్యివలె కాగి మొక్కను ఉడికించును. గాజు ఎల్లప్పుడును నీటిబిందువులతో మసకబారి యున్నచో నీరెక్కువైనదని తెలిసికొని ఒక పూట మూత తీసి ఉంచవలెను. ఉదయమున కొంచెము చెమర్చి మధ్యాహ్నమునకు తేటపడుచున్నచో అంతయు సరిగా నున్నదని తెలియును.

ఈ సంవత్సరము సెలవులకు పోవుటకు ముందు మా వసారాలో కుండీలకు పొర్లునట్లు నీరు పోయబోము. వానిని వసారా లోపలి నీడలో ఒకచోట గుంపుగా చేర్చి, కావలివానికి వ్రేలితో మంటిని పరీక్షించుట నేర్పి, పొడిగా నున్నవానికి మాత్రమే పోయుమని చెప్పి పోవుదుము. ఒక సీసాలో ఫెర్నును నాటి, మూత గట్టిగా నున్నదో లేదో రెండుసార్లు చూచి, ఉత్తరపు కిటికీయొద్ద ఉంచుదుము. బడి తెరచిన దినమున బాలబాలికలు మొదట ఆ కిటికీయొద్దకే పరుగెత్తి వత్తురని మాకు తెలియును. వారితోకూడ మేమును పోయి చూతుము.